సిమ్యులేటర్‌లో తిరిగినట్టే అసలు ఓడ తిరుగుతుందా? సరిచూడటం ఎలా?

ఇచ్ఛాపురం కుర్రాడు | జూన్ 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. సుప్రమాక్స్ బల్కర్‌లో (బొగ్గు, ధాన్యం లాంటి విడి సరుకు మోసే ఓడ) సెకండ్ ఆఫీసర్‌ని. ఓడ పొడవు 190 మీటర్లు, వెడల్పు 32, ఐదు హోల్డులు, నాలుగు క్రేన్లు, బ్రిడ్జి వెనకవైపు. బౌ థ్రస్టర్ (ముక్కును పక్కకు తోసే ప్రొపెల్లర్) లేదు. ఇప్పుడు సెలవులో ఊళ్లో ఉన్నాను.

పోయిన నెల షిప్ హ్యాండ్లింగ్ కోర్సుకు వెళ్తే అక్కడి సిమ్యులేటర్‌లో అచ్చం మా ఓడలాంటి మోడలే కనిపించింది. అదే పొడవు, లోడెడ్, డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగిన లోతు) 12.8 మీటర్లు. నా దగ్గర పోల్చి చూసుకోవడానికి అసలు ఓడ లెక్కలు ఉన్నాయి. మార్చిలో కాలిమంతన్ నుంచి బొగ్గు వేసుకుని వస్తున్నప్పుడు, మ్యాన్ ఓవర్‌బోర్డ్ డ్రిల్ అయ్యాక కెప్టెన్ గారిని అడిగి హార్డ్ స్టార్‌బోర్డ్‌లో (రడ్డర్, అంటే చుక్కాని, పూర్తిగా కుడికి) ఒకటిన్నర చుట్టు తిప్పించాను. హాఫ్ అహెడ్, 9 నాట్లు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. క్యాడెట్ జీపీఎస్ తెరా గైరో రిపీటరూ (ఓడ ముక్కు దిశ, అంటే హెడింగ్ చూపేది) ఒకే ఫ్రేములో పడేలా ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆ వీడియోను ఆపి ఆపి చూస్తూ పది సెకన్లకొక పొజిషన్ చొప్పున నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను. జీపీఎస్ నిమిషంలో వెయ్యో వంతు దాకా చూపిస్తుంది, అంటే రెండు మీటర్ల లోపు.

కోర్సులో మధ్యాహ్నం ఖాళీ దొరికినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ గారిని బతిమాలి సిమ్యులేటర్‌లో అదే వేగంతో అదే తిప్పుడు తిప్పాను. వచ్చింది ఇదీ (అడ్వాన్స్ అంటే రడ్డర్ వేశాక హెడింగ్ 90 డిగ్రీలు మారేసరికి ముందుకు పోయిన దూరం, ట్రాన్స్‌ఫర్ అంటే అప్పటికి పక్కకు జరిగిన దూరం, టాక్టికల్ డయామీటర్ అంటే 180 డిగ్రీలు తిరిగేసరికి పక్కకు జరిగిన దూరం):

టాక్టికల్ డయామీటర్: ఓడ 610 మీటర్లు, సిమ్యులేటర్ 600.
అడ్వాన్స్: ఓడ 650, సిమ్యులేటర్ 570.
ట్రాన్స్‌ఫర్: ఓడ 190, సిమ్యులేటర్ 262.

డయామీటర్ కుదిరింది. అడ్వాన్స్‌లో 80 మీటర్ల తేడా అంటే చిన్నదేం కాదు. నాకు అర్థమైనంతలో సిమ్యులేటర్ ఓడ రడ్డర్‌కు మరీ తొందరగా లొంగుతోంది. ఆగడంలోనూ తేడా ఉంది. లంగరు చోటికి వస్తూ 6 నాట్ల దగ్గర ఇంజిన్‌కు ఆస్టర్న్ (వెనక్కి) ఇస్తే సిమ్యులేటర్ ఓడ మా ఓడకంటే దాదాపు 150 మీటర్ల ముందే ఆగిపోయింది. ఇలాంటి మోడల్ మీద నేర్చుకున్న చెయ్యి రేపు అసలు ఓడ మీద ఏమవుతుందో అని భయంగా ఉంది. దీన్ని సరైన పద్ధతిలో ఎలా సరిచూస్తారు?

బ్రిడ్జి నంబర్ 2 | జూన్ 9, రాత్రి 10:40

నేను సిమ్యులేటర్ ఇన్‌స్ట్రక్టర్‌ని (మీరు వెళ్లిన చోట కాదు). వీడియో తీసి లెక్క రాసుకున్నందుకు ముందుగా అభినందనలు. కోర్సుకు వచ్చేవాళ్లలో "మా ఓడ ఇలా తిరగదు సార్" అనేవాళ్లు చాలామంది, కాగితం తెచ్చేవాళ్లు అరుదు.

నియమాల సంగతి చెప్తాను. నావికుల శిక్షణపై అంతర్జాతీయ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూలో ఏ-1/12 విభాగం సిమ్యులేటర్ గురించే. శిక్షణ లక్ష్యానికి తగినంత వాస్తవికత ఉండాలని అందులో ఉంది. ఎంత శాతం తేడా ఉండొచ్చన్న అంకె లేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ ఎంఎస్‌సీ 137(76), అంటే 2002 డిసెంబరు నాటి తీర్మానం, ఓడలకు సంబంధించింది. హార్డ్ ఓవర్‌లో (రడ్డర్ పూర్తిగా ఒక పక్కకు) అడ్వాన్స్ 4.5 పొడవులకు, టాక్టికల్ డయామీటర్ 5 పొడవులకు మించకూడదంటుంది. మీ ఓడకైతే 855, 950 మీటర్లు. మీ రెండు లెక్కలూ ఆ గీతకు చాలా లోపలే ఉన్నాయి. కాబట్టి "ఐఎంఓ ప్రమాణాలకు లోబడి ఉంది" అని మోడల్ కాగితంలో రాసి ఉంటే, అది మీ ఓడలా నడుస్తుందని హామీ కాదు.

అడ్వాన్స్ తేడాకు నా మొదటి అనుమానం స్టీరింగ్ గేర్ (రడ్డర్‌ను తిప్పే యంత్రం). ఓడల భద్రతా ఒప్పందం సోలాస్ ప్రకారం రడ్డర్ ఒక పక్క 35 నుంచి రెండో పక్క 30 డిగ్రీలకు 28 సెకన్లలో రావాలి. ఆ రోజు మీరు రెండు పంపులు నడిపారా, ఒకటేనా? మా సిమ్యులేటర్లలో మామూలుగా రెండూ నడుస్తున్నట్టే ఉంటుంది.

లంగరు | జూన్ 10, ఉదయం 5:55

పైలట్‌గా 22 ఏళ్లు చేశాను, తూర్పు తీరంలోనే. బాబూ, నువ్వు చేసిన పని మంచిదే. కానీ నేను చెప్పేది ఏటంటే, సముద్రం మధ్యలో హార్డ్ ఓవర్ వేసి తిప్పే చుట్టు నా పనిలో నాకు ఎప్పుడూ అక్కర్లేదు. నేను ఎక్కేసరికి ఓడ 6, 7 నాట్లలో ఉంటుంది. కిందన నీళ్లు మీటరో రెండు మీటర్లో. ఇంజిన్ డెడ్ స్లో, కాసేపు స్టాప్, మళ్లీ ఒక కిక్. ఈ మూడింటి మధ్యన సిమ్యులేటర్ ఎలా నడుస్తుందో అది చూడాలి.

నన్ను రెండు సార్లు కొత్త మోడళ్లు చూసి చెప్పమని పిలిచారు. రెండిట్లోనూ నాకు ఒకటే తేడా కొట్టింది. తిరగడం బాగానే తిరుగుతుంది. తిరుగుతున్నదాన్ని ఆపడం మరీ సులువు. నిండుగా ఉన్న బల్కర్ ఒకసారి స్వింగ్ అందుకుంటే "మీట్ హర్" (తిరగడం ఆపు అన్న ఆర్డర్) అన్నాక రడ్డర్ అటు తిప్పి పట్టుకున్నా ముక్కు ఇంకా పోతూనే ఉంటుంది. కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుంది ఆ క్షణం. సిమ్యులేటర్లో మీట్ హర్ అనగానే ఆగిపోతుంది. ఇది అంకెల్లో ఎలా చెప్పాలో నాకు తెలీదు గానీ ఉందన్న సంగతి మాత్రం తెలుసు.

ఇచ్ఛాపురం కుర్రాడు | జూన్ 10, ఉదయం 8:20

@బ్రిడ్జి నంబర్ 2 సార్, డ్రిల్ కోసం రెండు పంపులూ పెట్టాం. హార్డ్ ఓవర్‌కు 13 సెకన్లు పట్టింది, వీడియోలో హెల్మ్స్‌మన్ గొంతు వినిపిస్తుంది.

@లంగరు సార్, మీ మాట గుర్తు పెట్టుకుంటాను. మా ఓడ మీద నాకూ అలానే అనిపించింది. కానీ కొలవలేదు.

ఈడ్పు తొట్టి | జూన్ 10, ఉదయం 11:05

రిటైరైన నావల్ ఆర్కిటెక్ట్‌ని. టోయింగ్ ట్యాంకులో ఓడల చిన్న మోడళ్లు లాగి లాగి ఉద్యోగం గడిచింది. తమ్ముడూ, నీ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకుని ఇంకోసారి చూడు.

అడ్వాన్స్ 80 పెరిగింది. ట్రాన్స్‌ఫర్ 72 తగ్గింది. ఇంచుమించు ఒకే కొలత, ఒకటి ఇటు, ఒకటి అటు. డయామీటర్ మాత్రం కదల్లేదు. స్టీరింగ్ గేర్ నెమ్మదిగా ఉంటే అడ్వాన్స్ పెరగొచ్చు, కానీ ట్రాన్స్‌ఫర్ తగ్గదు. రడ్డర్ బలం తేడా అయితే మూడూ కదలాలి. ఇది నీళ్ల పని కాదు, జ్యామెట్రీ పని. మీ జీపీఎస్ యాంటెన్నా ఎక్కడుంది?

బ్రిడ్జి వెనక ఉన్న ఓడ కాబట్టి మంకీ ఐలాండ్ (బ్రిడ్జి కప్పు) మీదే ఉంటుంది. ఓడ మధ్య నుంచి సుమారు 75 మీటర్లు వెనక. ఇప్పుడు ఊహించు. రడ్డర్ వేసిన క్షణంలో యాంటెన్నా ఓడ నడుమకు 75 మీటర్లు వెనక ఉంది. హెడింగ్ 90 డిగ్రీలు మారేసరికి ఓడ అడ్డంగా ఉంది, కాబట్టి ముందుకు వచ్చిన దూరంలో యాంటెన్నా నడుమతో సమానం. అంటే యాంటెన్నా నడుమకంటే 75 మీటర్లు ఎక్కువ ముందుకు నడిచినట్టు లెక్క వస్తుంది. పక్కకు చూస్తే అది నడుము వెనకాల ఉండిపోయింది, కాబట్టి ట్రాన్స్‌ఫర్ 75 తక్కువ. 180 డిగ్రీలు తిరిగాక యాంటెన్నా నడుమకు ఒకే వరసలో ముందూ వెనకా ఉంటుంది, పక్కకు తేడా లేదు. అందుకే డయామీటర్ కుదిరింది.

సిమ్యులేటర్ ఓడ నడుము దారిని రాస్తుంది. నువ్వు బ్రిడ్జి కప్పు దారిని రాశావు. రెండూ వేరు.

ఇచ్ఛాపురం కుర్రాడు | జూన్ 10, మధ్యాహ్నం 2:31

సార్, జనరల్ అరేంజ్‌మెంట్ ప్లాన్ ఫొటో నా ఫోన్‌లో ఉంది. యాంటెన్నా మిడ్‌షిప్‌కు 74 మీటర్లు వెనక. ప్రతి పొజిషన్‌నూ ఆ క్షణపు గైరో హెడింగ్ ప్రకారం 74 మీటర్లు ముందుకు జరిపి మళ్లీ గీశాను.

అడ్వాన్స్ 576, ట్రాన్స్‌ఫర్ 264. సిమ్యులేటర్ 570, 262.

నెల రోజులుగా మోడల్ తప్పని అందరితో అంటున్నాను. తప్పు నా కొలతలో ఉంది. మీకు చాలా చాలా థాంక్స్.

ఈడ్పు తొట్టి | జూన్ 10, సాయంత్రం 4:10

నీ వీడియో లేకపోతే ఇది బయటపడేది కాదు. ఇంకొక్కటి. ఒకటిన్నర చుట్టు అన్నావు. ఈసారి వీలైతే రెండు చుట్లు, 720 డిగ్రీలు తిప్పు. ట్రయల్స్‌లో అలాగే చేస్తారు. నీటి ప్రవాహం ఉంటే రెండో చుట్టు మొదటిదాని మీద పడకుండా పక్కకు జరుగుతుంది. ఆ జరిగిన దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే ప్రవాహం తెలుస్తుంది, దాన్ని తీసేసి అసలు చుట్టు గీసుకోవచ్చు. నీళ్లు అద్దంలా ఉన్నాయంటే గాలి లేదని అర్థం, ప్రవాహం లేదని కాదు.

కాకినాడ ఇంజిన్ రూమ్ | జూన్ 10, రాత్రి 8:47

డెక్ వాళ్ల చర్చలో దూరుతున్నాను, ఏమనుకోకండి. సెకండ్ ఇంజినీర్‌ని. ఆగడంలో తేడా గురించి ఎవరూ మాట్లాడలేదు. అది మా గదిలో విషయం.

సెకండ్ ఆఫీసర్ గారూ, బెల్ బుక్‌లో (ఇంజిన్ ఆర్డర్ల పుస్తకం) చూడండి. టెలిగ్రాఫ్ (ఇంజిన్ ఆర్డర్ మీట) ఆస్టర్న్‌కు లాగిన క్షణానికీ, ఆర్‌పీఎం మీటర్ ముల్లు సున్నా దాటి ఆస్టర్న్ వైపు కదిలిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు? సిమ్యులేటర్‌లో ఎన్ని?

మన ఓడల్లో స్లో స్పీడ్ టూ స్ట్రోక్, ఫిక్స్‌డ్ పిచ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్. వెనక్కి తిప్పాలంటే ఇంజిన్‌ను ఆపి, రివర్స్ టైమింగ్‌లోకి మార్చి, స్టార్టింగ్ ఎయిర్‌తో అటువైపు తన్నాలి. కానీ ఫ్యూయల్ కట్ చేసినంత మాత్రాన ప్రొపెల్లర్ ఆగదు. ఓడ ముందుకు పోతున్నంతసేపు నీళ్లు దాన్ని గాలిమరలా తిప్పుతూనే ఉంటాయి. ఆర్‌పీఎం తగినంత పడేదాకా ఎయిర్ ఇచ్చినా లాభం లేదు, ఒక్కోసారి మొదటి తన్ను ఫెయిలై రెండోసారి ఇవ్వాల్సి వస్తుంది. 6 నాట్ల దగ్గర పరవాలేదు. 12 నాట్ల దగ్గర క్రాష్ స్టాప్ (అత్యవసరంగా ఆపడం) అంటే ఆ ఎదురుచూపు నిమిషాల్లోకి పోతుంది. నేను చూసిన ఒక సిమ్యులేటర్‌లో 12 నాట్ల దగ్గర హ్యాండిల్ లాగితే పది సెకన్లకల్లా ఫుల్ ఆస్టర్న్ వచ్చేసింది. అలాంటి ఇంజిన్ మీద నేను ఇన్నేళ్లలో పని చేయలేదు.

ఇంకోటి, గాలి. రివర్సిబుల్ ఇంజిన్‌కు బాటిళ్లలో 12 స్టార్టులకు సరిపడా గాలి ఉండాలన్నది క్లాస్ (ఓడలకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల) నియమం. పైలట్ గారు కిక్ అహెడ్, స్టాప్, కిక్ ఆస్టర్న్ అని వరసగా అడుగుతుంటే కింద మేము ఒక కన్ను ప్రెజర్ గేజ్ మీదే పెట్టుకుని ఉంటాం. చాలా సిమ్యులేటర్లలో గాలి అయిపోవడమన్నదే ఉండదు. అలా నేర్చుకున్నవాళ్లు ఇంజిన్‌ను స్విచ్ అనుకుంటారు.

ఇచ్ఛాపురం కుర్రాడు | జూన్ 11, ఉదయం 7:15

బెల్ బుక్ ఓడ మీద ఉంది, కానీ నా నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్నది దొరికింది. ఓడ మీద 50 సెకన్లు. సిమ్యులేటర్‌లో 8. తేడా 42 సెకన్లు. 6 నాట్లంటే సెకనుకు 3 మీటర్లు పైచిలుకు, అంటే దాదాపు 130 మీటర్లు ఆ ఎదురుచూపులోనే పోయాయి. నా 150లో చాలావరకు దొరికినట్టే. నేను తప్పంతా హల్ మోడల్ మీద వేశాను.

బ్రిడ్జి నంబర్ 2 | జూన్ 11, ఉదయం 9:30

ఇది ఇన్‌స్ట్రక్టర్ మార్చగలిగే సెట్టింగే, చాలా చోట్ల. ఇంజిన్ రెస్పాన్స్‌ను "మాన్యువరింగ్" అని ఒకే తీరున వదిలేసి ఉంటారు. నేనూ ఇవాళ వెళ్లి మా మోడళ్లలో ఒక్కొక్కటి చూస్తాను. ఇంజినీర్ గారూ, వీలైతే మీ ఓడలో వేర్వేరు వేగాల దగ్గర రివర్సల్‌కు పట్టే కాలం రాసి పెట్టండి.

సముద్రలత | జూన్ 11, సాయంత్రం 6:02

నెదర్లాండ్స్‌లో మాన్యువరింగ్ మోడళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది భీమిలి. ఈ చర్చ చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే మా రంగంలో అసలు ఓడ మీద కొలిచిన లెక్కలకు ఎప్పుడూ కరువే.

ప్రపంచంలో పరిశోధకులంతా తమ ప్రోగ్రాములు పోల్చుకోవడానికి సిమ్‌మన్ అనే వర్క్‌షాప్ ఉంది, మొదటిది 2008లో కోపెన్‌హాగన్‌లో జరిగింది. అక్కడ అందరూ వాడే పెద్ద ట్యాంకర్ పేరు కేవీఎల్‌సీసీ2. కొరియాలో గీసిన ఆకారం. ఆ ఓడను ఎవరూ కట్టలేదు. చిన్న మోడళ్లే ఉన్నాయి. కాబట్టి ఒక ప్రోగ్రాము దానితో కుదిరిందంటే టోయింగ్ ట్యాంకులోని మోడల్‌తో కుదిరిందని అర్థం, సముద్రంలో ఓడతో కాదు.

మోడల్‌కూ ఓడకూ తేడా ఎక్కడ వస్తుందంటే, చిన్న మోడల్‌కు నీటి రాపిడి దాని సైజుకు ఎక్కువ. అంచేత అదే వేగానికి దాని ప్రొపెల్లర్ ఎక్కువ కష్టపడి తిరగాలి. ఆ ప్రొపెల్లర్ వెనక నీటి ధార బలంగా ఉంటుంది, రడ్డర్ ఆ ధారలోనే ఉంటుంది. కాబట్టి మోడల్‌లో రడ్డర్ ఉన్నదానికంటే బలంగా కనిపిస్తుంది, ఓడ ఉన్నదానికంటే నిలకడగా కనిపిస్తుంది. @లంగరు గారు చెప్పిన "మీట్ హర్ అనగానే ఆగిపోవడం"లో ఇదీ ఒక కారణం కావచ్చు.

మళ్లీ చుట్టు తిప్పే రోజున వీడీఆర్ (ఓడ బ్లాక్ బాక్స్) కూడా సేవ్ చేయమని కెప్టెన్ గారిని అడగండి. హెల్మ్ ఆర్డర్, రడ్డర్ అసలు కోణం, ఇంజిన్ ఆర్డర్, ఆర్‌పీఎం అన్నీ ఒకే గడియారం మీద ఉంటాయి. 2014 జులై తర్వాత పెట్టిన వీడీఆర్ అయితే ఓడ లోపలి రికార్డర్‌లో 30 రోజుల డేటా ఉంటుంది. కంపెనీ అనుమతి లేకుండా మాత్రం బయటికి తేవద్దు.

కరీంనగర్ కెప్టెన్ | జూన్ 12, రాత్రి 11:18

నమస్తే అందరికి. నేను ఓడ ఎక్కినోణ్ణి కాదు. ఇంట్ల కంప్యూటర్ల సిమ్యులేటర్ నడుపుత, మూడేండ్ల సంది. ఇక్కడ మీరు చెప్పేటియి రెండు రాత్రులు కూసొని చదివిన. నాకు ఓడ లేదు, ట్రయల్ లేదు. వెబ్‌సైట్లల్ల ఏఐఎస్ (ఓడలు తమ పొజిషన్ పంపే రేడియో) ట్రాకులు కనిపిస్తయి కదా, గవాటితోని నా సిమ్యులేటర్‌ను పోల్చుకోవచ్చునా? ఇంకేమన్న తొవ్వ ఉంటే చెప్పుండ్రి.

సముద్రలత | జూన్ 13, మధ్యాహ్నం 1:44

@కరీంనగర్ కెప్టెన్ అన్నా, ఏఐఎస్‌లో ఓడ ఎటు పోయిందో ఉంటుంది, ఏ ఆర్డర్ మీద పోయిందో ఉండదు. రడ్డర్ కోణం లేదు, ఆర్‌పీఎం లేదు. టగ్ తోసిందో గాలి తోసిందో తెలియదు. పెద్ద ఓడలు నడుస్తున్నప్పుడు 2 నుంచి 10 సెకన్లకొకసారి పంపుతాయి గానీ వెబ్‌సైట్లు వాటిలో చాలా వదిలేస్తాయి.

మీరు ఇంట్లోనే చూడగలిగినవి ఉన్నాయి. నిండుగా ఉన్న బల్కర్‌ను హార్డ్ ఓవర్‌లో తిప్పి వేగం చూడండి. ఇంజిన్ అదే సెట్టింగ్‌లో ఉన్నా వేగం సగం దాకా పడిపోవాలి. పడకపోతే పక్కకు జారడం ఆ మోడల్‌లో సరిగ్గా లేదు. తిరిగేటప్పుడు వెనక భాగం బయటికి ఊగుతుందా, లేక కారులా ముందు చక్రాల వెంట పోతుందా చూడండి. ఇంకొకటి స్క్వాట్. ఓడ లోతు తక్కువ నీళ్లలో ఎంత కిందికి దిగుతుందో బారాస్ గారి సులువైన సూత్రం ఉంది: బ్లాక్ కోఎఫిషియంట్ (మునిగిన భాగం పెట్టె ఆకారానికి ఎంత దగ్గరో చెప్పే అంకె) ఇంటూ వేగం వర్గం, బై 100. వేగం నాట్లలో, జవాబు మీటర్లలో. బల్కర్‌కు 0.85 అనుకుంటే 10 నాట్ల దగ్గర 0.85 మీటరు, ఇరుకు కాలువలో దానికి రెట్టింపు. వేగం సగం చేస్తే స్క్వాట్ నాలుగో వంతుకు రావాలి. మీ సిమ్యులేటర్ ఆ పోలికన నడుస్తుందో లేదో చూసుకోవచ్చు.

కరీంనగర్ కెప్టెన్ | జూన్ 13, రాత్రి 10:05

అక్కా, చూసిన. తిప్పితె వేగం 11 కెల్లి 10కి వచ్చింది, గంతే. స్క్వాట్ అయితె అసలే లేదు, 12 నాట్లల్ల పోయినా లోతు మీటర్ కదలలేదు. నేను ఇన్ని రోజులు దీన్నే ఓడ అనుకున్న. ఇగ వేరేది చూసుకుంట. మస్తు థాంక్స్.

లంగరు | జూన్ 14, ఉదయం 6:10

లోతు మాట వచ్చింది కాబట్టి నా గోడు చెప్తాను. విశాఖ ఇన్నర్ హార్బర్‌కి పోయే దారి తెలిసినోళ్లకి తెలుసు. దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ, పక్కనే చానల్. నైరుతి గాలి వీచే రోజుల్లో కొండ చాటున ఉన్నంతసేపు గాలి తగలదు. చాటు దాటగానే ముందు ముక్కుకి తగులుతుంది, వెనక ఇంకా చాటులోనే ఉంటుంది. ఓడ అక్కడ మెలిక పడుతుంది. సిమ్యులేటర్లో గాలి అంటే ఒకే అంకె, ఒకే దిక్కు, ఓడంతటికీ ఒకేలా. కొండ బొమ్మ మాత్రం అందంగా గీస్తారు. బొమ్మ ఉంది, దాని నీడ లేదు.

టగ్‌లు కూడా అంతే. సిమ్యులేటర్లో 50 టన్నుల టగ్ అంటే ఎప్పుడు నొక్కినా 50 టన్నులే. అసలైతే ఓడ 5 నాట్లలో పోతుంటే టగ్ శక్తిలో సగం ఓడతో పాటు పరిగెత్తడానికే పోతుంది. స్వెల్‌లో అయితే తాడు వదులవడం, బిగుసుకోవడం.

నన్ను పిలిచినప్పుడు నేను ఇవి చెప్తే "రడ్డర్ కొంచెం తగ్గిస్తాం, టగ్ కొంచెం తగ్గిస్తాం, ఇప్పుడు బాగుందా కెప్టెన్" అని అడిగేవారు. బాగుందనేవాడిని.

ఈడ్పు తొట్టి | జూన్ 14, ఉదయం 10:20

లంగరు గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం. కానీ చివర్లో చెప్పినదే నన్ను ఉద్యోగమంతా బాధపెట్టిన పని. పులుసులో పులుపు ఎక్కువైందని బెల్లం వేస్తే రుచి సర్దుకుంటుంది, పులుపు పోదు. ఓడ తిరగడాన్ని అడ్డుకునే డాంపింగ్ తప్పుగా ఉంటే, రడ్డర్ తగ్గించి ఒక్క చోట కుదుర్చుతారు. లోతు మారినా వేగం మారినా అది మళ్లీ బయటపడుతుంది. అప్పుడు ఎక్కడ తప్పుందో కనుక్కోవడానికి దారి ఉండదు. మీ మాటను అనుమానంగా రాసుకోవాలి, తర్వాత దాన్ని కొలిచే పరీక్ష పెట్టాలి. నేరుగా మీట తిప్పకూడదు.

లోతు సంగతి ఎంత మోసం చేస్తుందో ఎస్సో ఒసాకా చెప్తుంది. 2,78,000 టన్నుల ట్యాంకర్. 1977లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో దాన్ని కావాలని మూడు లోతుల్లో తిప్పి కొలిచారు: డ్రాఫ్ట్‌కు 4.2 రెట్లు, 1.5 రెట్లు, 1.2 రెట్లు లోతున్న నీళ్లలో. అంత పెద్ద ఓడను అడుగున ఐదో వంతు నీళ్లతో అలా తిప్పి కొలవడమంటే మాటలు కాదు. అందుకే ఈనాటికీ అందరూ ఆ లెక్కలనే తెరుస్తారు. లోతు నీళ్ల నుంచి 1.2కు వచ్చేసరికి టాక్టికల్ డయామీటర్ 75 శాతం దాకా పెరిగింది. ఇది ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది రెండోది. తిరుగుతున్న ఓడను ఆపి పట్టే శక్తి 1.5 దగ్గర తగ్గింది, 1.2 దగ్గర మళ్లీ పెరిగింది. లోతు తగ్గే కొద్దీ అన్నీ ఒకే వైపు మారతాయనుకుని గుణకం వేసే మోడల్‌కు ఈ మలుపు ఎప్పటికీ రాదు. లంగరు గారి చానళ్లు 1.5 నుంచి 1.1 మధ్యలోనే ఉంటాయి, సరిగ్గా మలుపు ఉన్న చోట.

ఇంకో విషయం తమ్ముడికి. మీ బ్రిడ్జిలో గోడకు వీల్‌హౌస్ పోస్టర్ ఉంటుంది, 1987 నాటి ఐఎంఓ ఏ.601(15) ప్రకారం. అందులో లోడెడ్, బల్లాస్ట్ (సరుకు లేకుండా నీళ్లతో) అని రెండు చుట్లు గీసి ఉంటాయి. బల్కర్‌ను యార్డులో ట్రయల్‌కు తీసుకెళ్లేటప్పుడు బొగ్గు ఉండదు, హోల్డులన్నీ నీళ్లతో నింపలేరు. కాబట్టి బల్లాస్ట్ చుట్టు కొలిచింది, లోడెడ్ చుట్టు లెక్క కట్టింది. సిమ్యులేటర్ వాళ్లు ఆ లోడెడ్ చుట్టుకు మోడల్‌ను కుదిర్చి "అసలు ఓడతో సరిపోయింది" అంటే, ఒక లెక్కను ఇంకో లెక్కతో కుదిర్చారన్నమాట. నువ్వు మార్చిలో బొగ్గుతో తిప్పి కొలిచిన ఆ చుట్టు విలువ ఇప్పుడు అర్థమైందా?

లంగరు | జూన్ 14, ఉదయం 11:50

మాస్టారూ, ఒప్పుకున్నాను. ఇకమీద మీట తిప్పనివ్వను. మరి "ఆపడం సులువుగా ఉంది" అన్న నా మాటను కొలిచే పరీక్ష ఏటి?

ఈడ్పు తొట్టి | జూన్ 14, మధ్యాహ్నం 12:15

10/10 జిగ్‌జాగ్. నిలకడగా పోతున్న ఓడకు 10 డిగ్రీలు స్టార్‌బోర్డ్ రడ్డర్ వెయ్యాలి. హెడింగ్ 10 డిగ్రీలు మారగానే రడ్డర్‌ను అటుపక్క 10కి తిప్పాలి. ఓడ వెంటనే వినదు, ఇంకొంత దూరం అటే పోతుంది. ఆ పైన పోయిన డిగ్రీలే ఓవర్‌షూట్. మీరు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టుంటుందన్నది అదే. మళ్లీ అటుపక్క 10 దాటగానే ఇటు తిప్పాలి, అది రెండో ఓవర్‌షూట్.

హార్డ్ ఓవర్ చుట్టులో రడ్డర్ బలమే అంతా నడిపిస్తుంది, ఓడ స్వభావం దాని వెనక దాక్కుంటుంది. చిన్న రడ్డర్‌తోనే ఆ స్వభావం బయటపడుతుంది.

ఐఎంఓ హద్దు ఓడ పొడవును వేగంతో భాగిస్తే వచ్చే సెకన్ల మీద ఉంటుంది. తమ్ముడి 190 మీటర్ల ఓడ 14 నాట్ల దగ్గర, అంటే సెకనుకు 7.2 మీటర్లు, 26.4 సెకన్లు. మొదటి ఓవర్‌షూట్ 5 ప్లస్ అందులో సగం, 18.2 డిగ్రీలు. రెండోది 17.5 ప్లస్ అందులో ముప్పావు, 37.3. హద్దు సంగతి సరే, మనకు కావాల్సింది ఓడా సిమ్యులేటరూ ఒకే వేగం దగ్గర ఒకే అంకె ఇస్తాయా అన్నది. దీనికి యాంటెన్నా గొడవ కూడా లేదు, గైరో ఒక్కటి చాలు.

ఇచ్ఛాపురం కుర్రాడు | జూన్ 14, రాత్రి 9:00

నెలాఖరులో జాయిన్ అవుతున్నాను. కెప్టెన్ గారు మారారట, అడిగి చూస్తాను.

ఇచ్ఛాపురం కుర్రాడు | సెప్టెంబర్ 3, రాత్రి 8:26

ఓడ మీద నుంచి రాస్తున్నాను, నెట్ ఇప్పుడే దొరికింది. ఆలస్యానికి క్షమించండి.

కొత్త కెప్టెన్ గారికి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. ఆయనే స్వయంగా "చేద్దాం పద" అన్నారు. పోయిన ఆదివారం ఉదయం, లోడెడ్, డ్రాఫ్ట్ 12.7, లోతు వెయ్యి మీటర్ల పైన, అల తక్కువ. హాఫ్ అహెడ్, 9 నాట్లు. క్యాడెట్ గైరో వీడియో, నేను రడ్డర్ ఇండికేటర్, చీఫ్ ఆఫీసర్ హెల్మ్ ఆర్డర్లు. రెండు పక్కలా ఒక్కోసారి చేశాం.

స్టార్‌బోర్డ్ మొదట: మొదటి ఓవర్‌షూట్ 9 డిగ్రీలు, రెండోది 15.
పోర్ట్ (ఎడమ) మొదట: 8, 13.

@బ్రిడ్జి నంబర్ 2 సార్, మీ దగ్గర ఇదే రకం మోడల్ ఉందా? ఉంటే ఇదే వేగం, ఇదే డ్రాఫ్ట్‌తో ఒకసారి నడపగలరా?

బ్రిడ్జి నంబర్ 2 | సెప్టెంబర్ 5, సాయంత్రం 5:35

ఇవాళ మూడు సార్లు నడిపాను. మొదటి ఓవర్‌షూట్ 5, రెండోది 7. మూడు సార్లూ అంతే.

అదే మోడల్‌లో హార్డ్ ఓవర్ చుట్టు కూడా తిప్పాను. అడ్వాన్స్ 572, డయామీటర్ 602. చుట్టు మీ ఓడతో బాగా కుదిరింది, జిగ్‌జాగ్ సగమే ఉంది. లంగరు గారు జూన్‌లో అన్న మాట ఇదే.

ఈడ్పు తొట్టి | సెప్టెంబర్ 5, రాత్రి 7:50

చుట్టు కుదిరి జిగ్‌జాగ్ కుదరలేదంటే యా డాంపింగ్ (తిరగడాన్ని అడ్డుకునే గుణం) ఎక్కువ పెట్టి, దానికి తగ్గట్టు రడ్డర్ బలం పెంచారని నా అనుమానం. ఒకదాన్ని ఇంకోటి హార్డ్ ఓవర్‌లో కప్పేసింది. తయారీదారుకు రాసేటప్పుడు "ఓడ తేడాగా ఉంది" అని రాయకండి. రెండు పరీక్షల టైమ్ హిస్టరీలూ, డ్రాఫ్ట్, ట్రిమ్ (ముందూ వెనకా డ్రాఫ్ట్‌ల తేడా), ఆర్‌పీఎం, రడ్డర్ రేటు జత చేసి పంపండి. తమ్ముడూ, ఆ రోజు ట్రిమ్ ఎంత? ఈవెన్ కీల్ (ముందూ వెనకా సమానం) కాకపోతే ఓవర్‌షూట్ మారుతుంది.

ఇచ్ఛాపురం కుర్రాడు | సెప్టెంబర్ 6, ఉదయం 4:40

వాచ్‌లో ఉన్నాను సార్. లోడికేటర్‌లో (లోడింగ్ లెక్కల కంప్యూటర్) చూశాను: 10 సెంటీమీటర్లు బై ద స్టెర్న్ (వెనకవైపు ఎక్కువ). జాబితా అంతా రాసి కంపెనీ అనుమతి అడిగాను, వచ్చాక పంపుతాను. 22న గంగవరం వస్తున్నాం. పైలట్ ఎక్కిన దగ్గర్నుంచి ఇంజిన్ ఆర్డర్లూ ఆర్‌పీఎం మారిన టైములూ సెకన్లతో రాయమని ఇంజిన్ రూమ్‌కు చెప్పాను.

లంగరు | సెప్టెంబర్ 6, ఉదయం 6:02

22న అక్కడ లోతు, టైడ్ ఎంతో కూడా రాసి పెట్టు బాబూ, యూకేసీతో (ఓడ అడుగున మిగిలిన నీళ్లు) సహా. చానల్‌లో వేసే చిన్న చిన్న రడ్డర్‌లన్నీ నీకు జిగ్‌జాగ్‌లే. అక్కడి పైలట్‌ని అడిగి, పీపీయూ (పైలట్ వెంట తెచ్చుకునే జీపీఎస్ పరికరం) ట్రాక్ ఇస్తారేమో కనుక్కో. యాంటెన్నా ఎక్కడ పెట్టారో మాత్రం ముందు అడుగు.